కలువకు పెట్టిన ముహూర్తం

పెరట్లో ఆరడుగుల పొడవున, రెండడుగుల లోతున తవ్వించి, టార్పాలిన్ పరిచి నీళ్లు నింపినదాన్ని నేను కొలను అంటాను. మా ఆవిడ గుంట అంటుంది. అందులో పెంచడానికి కడియం నర్సరీల దాకా వెళ్లి ఒక నీలి కలువ దుంపను తెచ్చాను. కుండీలో నింపడానికి ఇంట్లో మిగిలిన కొబ్బరి పొట్టును వాడటం నా మొదటి తెలివితక్కువ పని. నీళ్లలోకి దించిన కాసేపటికే అదంతా పైకి తేలి, కొలను చల్లారిన టీ డికాషన్‌లా తయారయింది. తర్వాత పొలం నుంచి బంకమన్ను తెప్పించి దుంపను నాటి, మన్ను చెదరకుండా పైన రెండు వేళ్ల మందాన ఇసుక పోసి, కుండీని మొదట ఇటుకల మీద ఎత్తుగా నిలిపి, ఆకుల కాడలు సాగేకొద్దీ ఒక్కో ఇటుకా తీస్తూ కిందికి దించాను. దోమపిల్లల కోసం వదిలిన గప్పీ చేపలు మాత్రం నన్నేమీ అడగకుండానే వృద్ధిలోకి వచ్చాయి.

మొగ్గ నీటిమీదికి తల ఎత్తింది గురువారం. శనివారం పున్నమి. నేను, మా ఆవిడ ఉద్యోగాలకు ఎనిమిదింటికి బయలుదేరి, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరతాం. గురువారం వచ్చి చూస్తే మొగ్గ; శుక్రవారం చూసినా మొగ్గే. చంద్రుణ్ణి కలువరేడు అని ఊరికే అన్నారా, ఆయన నిండుగా రావాలి కాబోలు అనుకుని, శనివారం రాత్రికి బావగారిని, అక్కయ్యను భోజనానికి పిలిచాను. బావగారు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషి కనుక ముహూర్తాన్ని వెంటనే ఖాయపరిచారు.

పులిహోర తిన్నాం, కొలను చుట్టూ కుర్చీలు వేసుకున్నాం, వెన్నెలకు అడ్డమని లైట్లన్నీ ఆర్పేశాం. తొమ్మిదయింది, పదయింది. మా గప్పీల పరిధిలోకి రాని దోమలు ఎక్కడెక్కడివో వచ్చి మమ్మల్ని కుట్టాయి. చివరికి ఓపిక నశించి, టార్చిలైటు పట్టుకుని వంగి, మొగ్గను రెండు వేళ్లతో కాస్త బుజ్జగిద్దామని చెయ్యి చాపేసరికి, నాచు పట్టిన గట్టు మీద కాలు జారి మోకాలి లోతు నీళ్లలోకి దిగిపోయాను. కుండీ ఒరిగింది, ఇటుకతో చీలమండ పరిచయం చేసుకుంది. బావగారు కుర్చీలోంచి కదలకుండానే, "ఏనుగు సరే, మొసలి ఏదయ్యా?" అన్నారు.

వాళ్లు ఆదివారం తెల్లవారుజాము బస్సుకే వెళ్లిపోయారు. తొమ్మిదిన్నరకు కుంటుకుంటూ పెరట్లోకి వెళితే, ఒరిగిన కుండీలోంచే పువ్వు పూర్తిగా విచ్చుకుని ఉంది. దాని పక్కనే అమ్మ కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

"నాలుగు రోజులుగా ఇదే వరస. టిఫిన్లయ్యే వేళకు విచ్చుకుంటుంది, మూడింటికల్లా ముడుచుకుంటుంది" అంది.

సాయంత్రం విచ్చే కలువలు ఎర్రనివి, తెల్లనివి వేరే ఉన్నాయట. మా నీలిది పగటి కలువ. ఒక్కో పువ్వు మూడు నాలుగు రోజులే ఉంటుంది గనుక, నేను మొగ్గ అనుకుని మూడు సాయంత్రాలు ఎదురుచూసినది పగలంతా డ్యూటీ చేసి నిద్రపోయిన పువ్వన్నమాట.

"మరి రాత్రి చెప్పొచ్చు కదమ్మా?" అన్నాను ఏడుపు ఒక్కటే తక్కువగా.

"మీరంతా చంద్రుణ్ణి చూడటానికి కూర్చున్నారనుకున్నానురా" అంది.