కుడి కన్ను ఎడమవైపు ఎందుకుందని అడిగిన క్వెరీ గారికి

మహారాజశ్రీ టీపీఏ క్వెరీ గారి దివ్యసముఖానికి,

కంటి ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్ నమస్కరించి రాయునది. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిములు చూసే టీపీఏ సంస్థ మా బిల్లుల మీద వేసే ప్రశ్నే తమరు. ఉభయకుశలోపరి. తమరు క్షేమంగానే ఉంటారని మాకు తెలుసు. ఫైనల్ అప్రూవల్ కోసం పోర్టల్ రిఫ్రెష్ కొట్టినప్పుడల్లా దర్శనమిచ్చేది తమరే కదా. మా సంగతంటారా, తమరు ఎలా ఉంచితే అలా ఉన్నాం.

మొన్న శనివారం తమరు చేసిన ఘనకార్యం గురించి నాలుగు ముక్కలు రాద్దామని కూర్చున్నాను.

మా పేషెంటు ఒక రిటైర్డ్ మాస్టారు. కుడి కంటికి శుక్లం ఆపరేషన్. పొద్దున్నే అయిపోయింది. ఈ రోజుల్లో ఫేకో అనే చిన్న కోత పద్ధతికి కుట్లూ లేవు, రాత్రి ఆసుపత్రిలో పడుకోవాల్సిన పనీ లేదు. పాలసీల్లో కూడా అది డే కేర్ కిందే ఉంటుంది, 24 గంటల అడ్మిషన్ అక్కర్లేదు. పదకొండింటికల్లా మాస్టారు కంటి మీద ప్లాస్టిక్ షీల్డుతో, టిఫిన్ కానిచ్చేసి, మంచం కింద చెప్పులు వెతుక్కుంటున్నారు. డిశ్చార్జి సమ్మరీ, ఫైనల్ బిల్లు, ఓటీ నోట్స్, లెన్సు పవర్ లెక్కకట్టే ఏ-స్కాన్ రిపోర్టు, లెన్సు ఇన్‌వాయిస్, లెన్సు స్టిక్కరు అన్నీ అప్‌లోడ్ చేశాం. ఆపరేషన్ అయ్యాక పేషెంటు ఫొటో కూడా కావాలని తమ నిబంధన కాబట్టి నర్సు ఆయన్ని గోడ పక్కన నిలబెట్టి ఫొటో తీసింది. అదీ పెట్టాం.

అప్పుడు తమరు వేంచేశారు.

'ప్రీఆథ్‌లో, ఓటీ నోట్స్‌లో కుడి కన్ను అని ఉంది. ఫొటోలో షీల్డు ఎడమవైపు కనిపిస్తోంది. ఈ తేడాకు ట్రీటింగ్ డాక్టరు లెటర్‌హెడ్ మీద సంతకం, సీలుతో వివరణ ఇవ్వగలరు.'

ప్రీఆథ్ అంటే ఆపరేషన్‌కి ముందే తమ వాళ్లు ఇచ్చిన అనుమతి. తమ ప్రశ్న చదివి మా డెస్క్‌లో ఉన్నవాళ్లం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అలా చూసుకున్నప్పుడు ఎదుటి మనిషి కుడి కన్ను మన ఎడమ చేతి వైపే కనిపించింది. పుట్టినప్పటి నుంచీ అలాగే కనిపిస్తోంది. ఇంతవరకూ దీని మీద ఎవరూ వివరణ అడగలేదు.

ముందు ఫోన్ చేసి చూశాను. అవతల ఆ అమ్మాయి చాలా మర్యాదగా, 'మీరు చెప్పింది అర్థమైంది మేడమ్, కానీ క్వెరీ క్లోజ్ అవ్వాలంటే డాక్యుమెంట్ అప్‌లోడ్ కావాలి' అంది. పాపం ఆ అమ్మాయి మాత్రం ఏం చేస్తుంది? సిస్టమ్‌లో అర్థం చేసుకోవడానికి బటన్ లేదు, అప్‌లోడ్‌కి ఉంది.

డాక్టరుగారు ఓటీలో ఉన్నారు. స్టెరైల్ గ్లోవ్స్ వేసుకుని మైక్రోస్కోపు కింద ఇంకొకరి కన్ను తెరిచి పెట్టుకున్న మనిషి చేతికి పెన్ను ఇవ్వలేం కదా. ఆ కేసు అయ్యేదాకా ఆగాం. బయటికి వచ్చి విషయం విని, మొదట నవ్వారు. తర్వాత నవ్వలేదు. ఎంబీబీఎస్ చదివి, ఆ పైన ఎమ్మెస్ ఆఫ్తల్మాలజీ చేసిన మనిషి చేత ఆ రోజు మేం రాయించిన ధ్రువపత్రం సారాంశం ఇది: 'కెమెరాకు ఎదురుగా నిలబడిన వ్యక్తి కుడి కన్ను, ఫొటో చూసేవారికి ఎడమవైపు కనిపించునని ఇందుమూలముగా తెలియజేయడమైనది.' కింద సంతకం, సీలు, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు.

ఈలోపు మాస్టారు డెస్క్ దగ్గరికి రెండుసార్లు వచ్చారు. 'ఏమ్మా, ఇంకా ఎంతసేపు?' అన్నారు. విషయం దాచలేక చెప్పాను. ఆయన ఉద్యోగమంతా హైస్కూల్లో ఫిజిక్సు చెప్పారట. ఒంటి కంటితో నా వంక చూసి, 'అద్దంలో అయితే పార్శ్వ విలోమం వస్తుందమ్మా, ఫొటోలో రాదు కదా' అన్నారు. వాళ్లబ్బాయి మాత్రం, 'డబ్బులు కట్టేసి వెళ్లిపోమంటారా, తర్వాత రీఇంబర్స్‌మెంట్ పెట్టుకుంటాం' అన్నాడు. క్యాష్‌లెస్ పాలసీ కొనుక్కుని కూడా జేబు తడుముకునే పరిస్థితికి మనిషిని తేవడం తమరికే చెల్లింది.

అసలు ఏ కన్నో తెలుసుకోవాలనే ఉంటే ఫొటో దాకా ఎందుకు వెళ్లాలి? క్లెయిమ్ ఫారమ్ పార్ట్ బీలో మా చేత గడులు నింపిస్తున్నారు కదా. డయాగ్నసిస్‌కి ఐసీడీ-10 కోడ్, హెచ్ 25.1 వేశాం. నిజమే, ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో ఆ కోడ్‌కి కుడీ ఎడమా లేవు. కానీ దాని పక్కనే ఏ ఆపరేషన్ చేశామో చెప్పే పీసీఎస్ గడి ఉంది. అది అమెరికా వాళ్లు తమ ఆసుపత్రుల కోసం తయారు చేసుకున్న ఏడక్షరాల కోడ్. మన ఫారమ్‌లోకి ఎలా వచ్చిందో గానీ వచ్చింది, సరే, నేర్చుకున్నాం. శుక్లం తీసి కృత్రిమ లెన్సు పెడితే 08ఆర్‌జే3జేజెడ్. అందులో నాలుగో అక్షరం జే అయితే కుడి కంటి లెన్సు, కే అయితే ఎడమది. మేం జే అని వేశాం. తమరు చూడలేదు. ఐసీడీ-11 అయితే 2022 జనవరి 1 నుంచే అమల్లోకి వచ్చింది, అందులో ఏ పక్కో చెప్పడానికి విడిగా కోడ్‌లే ఉన్నాయి. మన ఫారమ్ అక్కడికి చేరేనాటికి నేను రిటైరవుతాను. చేరినా తమరు ఫొటోయే అడుగుతారు.

పైగా ప్రీఆథ్ ఇచ్చినప్పుడు తమ వాళ్ల లెటర్‌లోనే కుడి కన్ను అని స్పష్టంగా ఉంది. అప్పగింతల వేళ పెళ్లికూతురు ఎవరని అడిగినట్టుంది వ్యవహారం.

ఇంకో ముచ్చట. ఐ ప్యాడ్, ఐ షీల్డ్ రెండూ ప్రొసీజర్ చార్జీల్లో కలిసిపోయే వస్తువుల జాబితాలో ఉన్నాయి. వాటికి విడిగా బిల్లు వేయకూడదు. వేయలేదు కూడా. అంటే షీల్డుకి రూపాయి ఇవ్వరు, షీల్డు ఏ వైపు ఉందో మాత్రం కావాలి.

ఇక గడియారం సంగతి. 2024 మే 29న ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ మాస్టర్ సర్క్యులర్ వచ్చినప్పుడు మా డెస్క్‌లో పండగ చేసుకున్నాం. క్యాష్‌లెస్ రిక్వెస్టుకి గంటలోపు నిర్ణయం చెప్పాలి. డిశ్చార్జి రిక్వెస్టు అందిన 3 గంటల్లో ఫైనల్ ఆథరైజేషన్ ఇవ్వాలి. అది దాటి ఆసుపత్రి అదనంగా ఏమైనా వసూలు చేస్తే ఇన్సూరెన్స్ కంపెనీ తన వాటాదారుల నిధి నుంచి భరించాలి. క్లెయిమ్‌ని తిరస్కరించాలన్నా కంపెనీలో రివ్యూ కమిటీ ఒప్పుకోవాలి. చదవడానికి ఎంత బాగుందో! ఔననడానికి గడువు పెట్టారు. కాదనడానికి కమిటీ పెట్టారు. ఔనూ కాదూ కాని తమరికి మాత్రం గడువూ లేదు, కమిటీ లేదు. తమరు పుట్టడానికి ఎవరో ఒకరు ఒక డ్రాప్‌డౌన్ నొక్కితే చాలు. తమరు రాగానే గడియారం ఆగిపోతుంది. మేం జవాబు పెట్టాక మా క్లెయిమ్ మళ్లీ క్యూలో చివరికి వెళ్తుంది, 3 గంటలు మళ్లీ మొదటి నుంచి మొదలవుతాయి.

ఇక మర్యాద చాలు. నీకు తెలుసు అది ఏ కన్నో. నువ్వు అడిగింది జవాబు కోసం కాదు, టైమ్ కోసం. సాయంత్రం షిఫ్టు మారేదాకా ఫైలు ఎవరి నెత్తినా పడకుండా ఉండటానికి ఒక ప్రశ్న కావాలి, ఏ ప్రశ్నయినా ఫరవాలేదు. ఆ ప్రశ్న ఖర్చంతా ఎవరు మోస్తున్నారో ఒక్కసారి వచ్చి చూడు. షుగరున్న మనిషి, కొత్తగా లెన్సు వేసిన కంటితో, వెయిటింగ్ హాలు కుర్చీలో చీకటి పడేదాకా కూర్చున్నాడు. గంటగంటకీ కంట్లో చుక్కలు అక్కడే వేశాం. ఆయన మమ్మల్నే తిట్టాలి, ఎందుకంటే ఆయనకి కనిపించేది మేమే. తిట్టలేదు, అది ఆయన మంచితనం. అందరూ మాస్టార్లు కారు. గట్టిగా అరిచేవాళ్లకి నేను రోజూ నీ తరఫున క్షమాపణ చెబుతున్నాను. నాకు నువ్వు జీతం ఇవ్వవు.

ఇచ్చే డబ్బుల సంగతి చెప్పుకుంటే ఇంకో ఉత్తరం అవుతుంది. అప్రూవ్ చేసిన దానికీ, బ్యాంకులో పడిన దానికీ పొంతన ఉండదు. పడిన దాంట్లోంచి 10 శాతం టీడీఎస్ ముందే పోతుంది, మేం లెన్సు కంపెనీకి కట్టిన డబ్బుతో సహా మొత్తం మీద. అన్నీ అప్‌లోడ్ చేయించుకుని మళ్లీ ఒరిజినల్స్ కొరియర్‌లో పంపమంటావు. ఒక్కో కంపెనీకి ఒక్కో పోర్టల్, ఒక్కో పాస్‌వర్డ్, అవి ఎక్స్‌పైర్ అయ్యేది కూడా సరిగ్గా శనివారమే. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ తీసేశారు. నిన్ను ఎవరు తీసేస్తారో తెలియదు.

నువ్వు ఊరికే పుట్టలేదని నాకు తెలుసు. చేయని ఆపరేషన్లకి బిల్లు పెట్టినవాళ్లు, మామూలు లెన్సు వేసి మల్టీఫోకల్ రేటు రాసినవాళ్లు మా ఫీల్డులోనే ఉన్నారు. వాళ్ల పుణ్యమే నువ్వు. అందుకే లెన్సు స్టిక్కరు అడిగితే నేనెప్పుడూ విసుక్కోలేదు. బొటనవేలంత కాగితం, దాని మీద మోడల్, పవర్, సీరియల్ నంబరు, ఎక్స్‌పైరీ అన్నీ ఉంటాయి. పేషెంటు కంట్లో ఏముందో అదొక్కటే నిజం చెబుతుంది. ఒకటి కేస్ షీటుకి అంటిస్తాను, ఒకటి పేషెంటు కార్డుకి, ఒకటి నీకు. స్టిక్కరు మీద ఒక పవర్, ఏ-స్కాన్‌లో ఇంకో పవర్ ఉందనుకో, అడుగు. అడగాలి. అప్పుడు డాక్టరుగారిని ఓటీ బయట ఆపి మరీ నీకు జవాబు రాయిస్తాను. అలాంటి ప్రశ్న నువ్వు వేసిన రోజున నీ మీద గౌరవం కూడా కలిగింది. ఆ బుర్ర ఉన్నవాడివి ఈ ఫొటో గొడవ ఎందుకు పెట్టుకున్నావు?

శనివారం అప్రూవల్ రాత్రి ఎనిమిది దాటాక వచ్చింది. మా ధ్రువపత్రం గురించి ఒక్క ముక్క లేదు. 3 గంటలు దాటాక మాస్టారు వాడిన డే కేర్ బెడ్డుకీ, రాత్రి భోజనానికీ సర్క్యులర్ ప్రకారం బిల్లు తయారు చేశాను. డాక్టరుగారు చూసి, 'పంపకు, నెట్‌వర్క్‌లోంచి తీసేస్తారు' అన్నారు. అన్ని ఆసుపత్రులదీ ఇదే భయం. అందుకే అంత మంచి రూలు ఉన్నా దాని కింద బిల్లు వేసే ధైర్యం మాలో ఎవరికీ లేదు. బిల్లు మాత్రం చింపలేదు, మాస్టారి ఫైల్లోనే ఉంచాను.

వచ్చే నెల ఆయన రెండో కన్ను ఆపరేషన్. ఎడమది. పీసీఎస్ గడిలో కే వేస్తాను. ఫొటోలో షీల్డు కుడివైపు కనిపిస్తుంది. డాక్టరుగారి లెటర్ ఇప్పుడే తీసుకుని పెట్టుకున్నాను, తేదీ ఒక్కటే ఖాళీగా ఉంది.

ఇట్లు,
ఇన్సూరెన్స్ డెస్క్