మాత్ర మింగితే విశ్వాసం పోదు

ఈస్టర్ దగ్గర పడిందంటే చాలు, ఆ సందేశం మళ్లీ బయలుదేరుతుంది. ఈసారి బంధువుల గ్రూపులోనూ వచ్చింది, యువజనుల గ్రూపులోనూ వచ్చింది, చివరికి సంఘ పెద్దల గ్రూపులో కూడా వచ్చింది. "క్రీస్తు తిరిగి లేచాడని నిజంగా నమ్మేవారికి రోగం ఉండదు" అని పైన పెద్ద అక్షరాలు, కింద అయిదు అంశాలు. పంపినవాళ్లంతా నాకు కావలసినవాళ్లు, ప్రార్థనాపరులు. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

మొదటిది, ఖాళీ సమాధిని శాస్త్రవేత్తలు పరికరాలతో పరీక్షించి పునరుత్థానాన్ని రుజువు చేశారట. ఎవరు, ఎప్పుడు, ఏ పరికరంతో అన్నది మాత్రం లేదు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో అపొస్తలుడైన పౌలు, లేచిన క్రీస్తును చూసిన సాక్షులను వరసగా చెప్పాడు: కేఫా (అంటే పేతురు), పన్నెండుమంది శిష్యులు, ఒక్కసారే చూసిన అయిదువందలకు పైగా సహోదరులు, యాకోబు. ఆ అయిదువందల్లో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారనీ రాశాడు. అనుమానముంటే వెళ్లి అడగమన్నట్టే కదా. ఇంత సాక్ష్యం చేతిలో ఉండగా ఊరూ పేరూ లేని శాస్త్రవేత్తలు మనకెందుకు?

రెండోది, అప్పులు తీరిపోతాయన్నది. లేచిన ప్రభువును కళ్లారా చూసిన అపొస్తలులకు దక్కినవి దెబ్బలు, చెరసాలలు. నాలుగోది, పదిమందికి పంపకపోతే నష్టం జరుగుతుందన్నది. అది సువార్త కాదు, బెదిరింపు.

నన్ను నిద్రపోనివ్వనిది మూడోది. "విశ్వాసి మాత్ర మింగితే ప్రభువు పొందిన దెబ్బలను అవమానించినట్టే." దీనికి ఆధారంగా, ఆయన పొందిన దెబ్బలచేత మనకు స్వస్థత కలుగుతుందని చెప్పే యెషయా 53వ అధ్యాయం చూపించారు. మరి అదే బైబిలులో ఉన్న మిగతావారిని ఏం చేద్దాం? తన శిష్యుడు తిమోతి కడుపు జబ్బుకు ద్రాక్షారసం కొంచెం పుచ్చుకోమని చెప్పింది పౌలే. తన సహచరుడు త్రోఫిమును రోగిగానే మిలేతు పట్టణంలో విడిచి వచ్చింది పౌలే. తన శరీరంలోని ముల్లు అని తానే పిలిచిన బాధను తీసేయమని ప్రభువును మూడుసార్లు వేడుకుంటే ఆయనకు వచ్చిన జవాబు "నా కృప నీకు చాలును". పౌలుకు విశ్వాసం చాలలేదని ఈ సందేశం రాసినవారు అనగలరా? ఆయన వెంట నడిచిన లూకా వైద్యుడు. అంతెందుకు, ప్రభువు లేచిన దేహంతోనే తోమాకు మేకుల గుర్తులు చూపించాడు. గాయపు గుర్తును దాచుకోని రక్షకుడి పేరు చెప్పి, గాయపడ్డవాళ్లను సిగ్గుపడేలా చేస్తున్నాం.

నేనెరిగిన ఒక పెద్దావిడకు చాలా కాలంగా చక్కెర వ్యాధి. మాత్రలు స్టీలు డబ్బాలో, ఉదయానివి ఒక పొట్లం, రాత్రివి ఒక పొట్లం కట్టుకుని పెట్టుకునేవారు. ఒక స్వస్థత కూటంలో సాక్ష్యం చెప్పి, ఆ డబ్బాను వేదిక మీద వదిలేసి వచ్చారు. కొన్నాళ్లకు చెప్పు ఒరుసుకుని బొటనవేలి పక్కన పుండు పడింది. ప్రార్థించిన నూనె రాశారు. వేలు నల్లబడేదాకా కొడుక్కి చెప్పలేదు, చెబితే అవిశ్వాసమవుతుందని. చివరికి సగం పాదం తీసేయాల్సి వచ్చింది. ఆ తర్వాత కూటంలో ఆమెకు ఎదురైన ప్రశ్న, "ఎక్కడ అనుమానించారమ్మా?" అడిగినాయన కళ్లద్దాలు పెట్టుకుని వాక్యం చదువుతారు. కంటికి అద్దం తప్పు కానప్పుడు ఒంటికి మాత్ర ఎలా తప్పయింది?

ఇన్సులిన్ మీద బతికే పిల్లలకు సూది ఆపేస్తే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. మూర్ఛ మందు ఉన్నట్టుండి మానితే ఫిట్లు ఆగకుండా రావచ్చు. క్షయ మందులు నెలల తరబడి వాడాలి, మధ్యలో మానితే క్రిమి మొండికెత్తి అదే మందుకు లొంగకుండా పోతుంది, ఇంట్లో పిల్లలకూ అంటుకుంటుంది. ఒక్క వేలితో ముందుకు తోసే సందేశం ఎవరి ఇంట్లో ఏ డబ్బాను మూయిస్తుందో పంపేవాళ్లకు తెలియదు.

మన దగ్గరికి ఈ సువార్త మందుల పెట్టెతోనే వచ్చింది. 1883లో మిషనరీగా గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచారు. డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ కుష్ఠు రోగుల మధ్య పనిచేశారు. క్రీస్తు లేచాడని నమ్మినందువల్లనే వాళ్లు మందు చేతబట్టారు.

ప్రభువు స్వస్థపరచడని నేను అనడం లేదు. స్వస్థపరుస్తాడు. నేనూ అడుగుతాను, అడుగుతూనే ఉంటాను. మందు వేసుకుని అడుగుతాను.

ఇక అయిదో అంశం. "సంఘాలు భవనాల మీద పెట్టే శ్రద్ధ రోగుల మీద పెట్టడం లేదు" అని ఉంది. చదివి చాలాసేపు ఆగిపోయాను. ఆ మాట నిజం. రోగి సంఘపు పెద్దలను పిలిపించుకోవాలని, వారు నూనె రాసి ప్రార్థించాలని యాకోబు రాశాడు. మంచం పట్టినవారి ఇంటికి వెళ్లి పక్కన కూర్చునే పెద్దలు మన సంఘాల్లో ఎందరున్నారు? ఎవరూ రాని ఇంట్లోకే ఇలాంటి సందేశాలు చొరబడతాయి. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు ఆ పెద్దావిడ ఇంటికి వెళ్లాలి. ప్రార్థన చేయాలి, ఆమెను క్షమాపణ అడగాలి, ఈ నెల మాత్రలకు డబ్బుందో లేదో కనుక్కోవాలి.