జెండా పట్టని నిరసనకారులు

జర్మనీలో స్థిరపడిన మన తెలుగువారు పండుగ భోజనాల దగ్గర యూరప్ రాజకీయాల గురించి వాదించుకునేటప్పుడు, మాట ఎక్కడ మొదలైనా చివరికి ఒకే ప్రశ్న దగ్గరకు చేరుతుంది: ఫలానా దేశం రష్యా వైపా, పడమటి దేశాల వైపా? హంగరీకీ అదే కొలబద్ద, స్లొవాకియాకీ అదే. సెర్బియా విషయంలో మాత్రం ఆ కొలబద్ద పనికిరాదనీ, దానితోనే కొలిచి యూరోపియన్ యూనియన్ కూడా మనలాగే పొరబడిందనీ నా అభిప్రాయం.

2024 నవంబర్ 1న ఉదయం 11 గంటల 52 నిమిషాలకు సెర్బియాలోని నోవీ సాద్ నగర రైల్వే స్టేషన్ ముందున్న కాంక్రీటు చూరు కూలిపోయింది. ఆ రోజే 14 మంది మరణించగా, ఆ తరువాతి నెలల్లో మరో ఇద్దరు ఆసుపత్రిలో కన్నుమూశారు. 1964లో కట్టిన ఆ స్టేషన్‌ను, బెల్‌గ్రేడ్-బుడాపెస్ట్ రైలుమార్గం పనుల్లో భాగంగా చైనా సంస్థల కూటమి ఆధ్వర్యంలో బాగుచేసి, ప్రమాదానికి కొద్ది నెలల ముందే తిరిగి తెరిచారు. చూరు జోలికి తాము వెళ్ళనే లేదని ప్రభుత్వం చెప్పుకుంది గానీ జనం నమ్మలేదు. మృతులకు నివాళిగా మౌనంగా నిలబడ్డ బెల్‌గ్రేడ్ నాటక కళాశాల విద్యార్థుల మీద దాడి జరగడంతో వారు కళాశాలను తమ స్వాధీనంలోకి తీసుకున్నారు. తరువాత దేశంలోని విశ్వవిద్యాలయాలన్నీ దాదాపుగా అదే బాట పట్టాయి. వారి మొదటి కోరిక ప్రభుత్వం దిగిపోవాలని కాదు, స్టేషన్ మరమ్మతుల కాగితాలన్నీ బయటపెట్టాలని.

ఈ ఉద్యమానికి నాయకుడంటూ ఎవరూ లేకపోవడం నన్ను అన్నింటికంటే ఎక్కువగా ఆకట్టుకుంది. ప్రతి కళాశాలలోనూ విద్యార్థులందరూ సభగా కూర్చుని చేతులెత్తి నిర్ణయాలు తీసుకుంటారు. బయటికి వచ్చి మాట్లాడేవారు మారుతూ ఉంటారు. (మన విద్యార్థి ఉద్యమాల నుంచి ఎంతమంది శాసనసభ్యులు పుట్టుకొచ్చారో తెలిసిన మనకు ఇది కొంత వింతగానే తోస్తుంది.) 2025 జనవరి చివరలో వారు బెల్‌గ్రేడ్ నుంచి నోవీ సాద్‌కు సుమారు 80 కిలోమీటర్లు కాలినడకన వెళ్ళినప్పుడు, దారి పొడవునా పల్లెల జనం రోడ్డు పక్కకు వచ్చి అన్నపానీయాలతో ఎదురుచూశారు. నోవీ సాద్‌లో డాన్యూబ్ నది మీది మూడు వంతెనలను దిగ్బంధించి, వాటిలో ఒకటైన స్వేచ్ఛా వంతెన మీదే వారు రాత్రి గడిపారు. మరునాడు వారిని ఇంటికి చేర్చడానికి బెల్‌గ్రేడ్ నుంచి టాక్సీ డ్రైవర్లు బారులు తీరి వచ్చారు. అంతకు కొద్ది రోజుల ముందే ప్రధాని మిలోష్ వుచెవిచ్ రాజీనామా ప్రకటించారు. హైదరాబాద్ మహానగరం కంటే తక్కువ జనాభా ఉన్న ఆ దేశంలో మార్చి 15న రాజధాని బెల్‌గ్రేడ్‌కు తరలివచ్చినవారు, స్వతంత్ర లెక్క ప్రకారం, సుమారు 3 లక్షల మంది.

ఆ స్వేచ్ఛా వంతెనను 1999లో నాటో విమానాలు కూల్చాయి. 2005లో దాన్ని తిరిగి నిలబెట్టింది యూరోపియన్ యూనియన్ నిధులతోనే. ఆ దేశ యువత యూరప్ జెండా ఎందుకు పట్టుకోలేదని అడిగేవారు ఈ రెండింటినీ కలిపి చూడాలి. ఇంచుమించు అదే సమయంలో జార్జియా ప్రభుత్వం యూనియన్‌లో చేరే చర్చలను 2028 చివరి వరకు పక్కన పెడుతున్నట్టు ప్రకటించినప్పుడు, ఆ దేశ రాజధాని తబిలీసి వీధుల్లోకి వచ్చినవారి చేతుల్లో యూనియన్ నీలిరంగు జెండాలు ఉన్నాయి. యూనియన్ కేంద్రమైన బ్రసెల్స్ వెంటనే వారిని మెచ్చుకుంది. బెల్‌గ్రేడ్‌లో అంతకంటే పెద్ద జనసమూహం అవినీతి లేని పాలనను, స్వతంత్ర న్యాయవ్యవస్థను, అంటే యూనియన్ తన అభ్యర్థి దేశాల నుంచి ఏం కోరుతుందో సరిగ్గా దాన్నే కోరుతున్నప్పుడు, అదే బ్రసెల్స్ నెలల తరబడి పొడిపొడి మాటలతో సరిపెట్టింది.

దీనికి కారణం వెతకడానికి దూరం పోనక్కరలేదు. 2024 జూలై 19న అప్పటి మన చాన్సలర్ ఓలాఫ్ షోల్జ్ స్వయంగా బెల్‌గ్రేడ్ వెళ్ళగా, ఆయన సమక్షంలో యూనియన్‌కు, సెర్బియాకు మధ్య ముడి ఖనిజాల ఒప్పందం కుదిరింది. జర్మన్ కార్ల పరిశ్రమకు సెర్బియాలోని యాదర్ లోయలో ఉన్న, బ్యాటరీలకు వాడే లిథియం కావాలి. ఆ గనికి వ్యతిరేకంగా జనం వీధికెక్కడంతో 2022లో రద్దయిన ప్రాజెక్టుకు అలా తిరిగి ప్రాణం పోశారు. ఆ తరువాతి నెలలోనే ఫ్రాన్స్ 12 రఫేల్ యుద్ధవిమానాలను సెర్బియాకు అమ్మింది. అధ్యక్షుడు అలెక్సాందర్ వూచిచ్ రష్యా మీద ఆంక్షలు విధించలేదు, చైనాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం చేసుకున్నారు, సెర్బియా మందుగుండు మాత్రం ఇతర దేశాల చేతుల మీదుగా ఉక్రెయిన్‌కు చేరింది. సెర్బియా ఒకప్పుడు భాగంగా ఉన్న యుగోస్లావియా నేత టిటో, మన నెహ్రూల నాటి అలీన విధానం గుర్తున్న పెద్దలు దీన్ని దానితో పోల్చడం విన్నాను. నాకైతే ఇది ఒకేసారి నాలుగు పడవల్లో కాళ్ళు పెట్టి, ప్రతి పడవవాడి దగ్గరా కిరాయి వసూలు చేసుకోవడంలా కనిపిస్తోంది.

వూచిచ్‌ను గట్టిగా నిలదీస్తే ఆయన పుతిన్ ఒడిలోకి వెళ్ళిపోతారు కదా అని మా సంఘంలోని ఒక మిత్రులు నాతో వాదించారు. విదేశాంగ విధానం మనోభావాలతో నడవదన్న వారి మాటను నేను కాదనను. అయితే నిలదీయకపోయినా ఆయన 2025 మే 9న మాస్కో విజయోత్సవానికి వెళ్ళనే వెళ్ళారు. ఆగస్టు నాటికి అధికార పార్టీ కార్యాలయాలకు నిప్పు పెట్టేవరకు, పోలీసులు లాఠీలతో విరుచుకుపడేవరకు పరిస్థితి దిగజారింది. నిప్పు పెట్టినవారిని నేను సమర్థించను. కానీ తొమ్మిది నెలలు శాంతియుతంగా అడిగినప్పుడు వినిపించుకోనివారికి ఇప్పుడు శాంతి గురించి చెప్పే హక్కు కొంత తగ్గిందనే అంటాను. యూరప్ పార్లమెంటు సెర్బియా అణచివేతను తప్పుపడుతూ తీర్మానం చేసేసరికి అక్టోబరు వచ్చింది.

అంతకు ఆరు నెలల ముందు, ఏప్రిల్‌లో, 80 మంది సెర్బియా విద్యార్థులు సైకిళ్ళ మీద బయలుదేరారు. పొట్టకూటి కోసం దేశం విడిచి వచ్చిన సెర్బులు వియన్నాలో వీధులకు ఇరువైపులా నిలబడి వారికి స్వాగతం పలికారు. ఆ దృశ్యం చూసినప్పుడు, మన ఊళ్ళ నుంచి ఎవరైనా అలా వస్తే మనమెలా నిలబడతామో అని ఆలోచించకుండా ఉండలేకపోయాను. దాదాపు 1,300 కిలోమీటర్లు తొక్కి వారు చేరింది స్ట్రాస్‌బర్గ్‌కు. పట్టుకున్నవి సెర్బియా జెండాలే అయినా, వారు తమ గోడు చెప్పుకోవాలనుకున్నది యూరప్ సంస్థల గడప దగ్గరే.