అల్యూమినియానికి 2.2 కిలోవాట్ల స్పిండిల్ తప్పనిసరా? కానే కాదు

తిరుపతి, చిత్తూరు వైపు ఇంట్లోనే సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ చెప్పినట్టు కోసే మెషిన్) కట్టుకునే కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట తెగ తిరుగుతోంది: "అల్యూమినియం కోయాలంటే 2.2 కిలోవాట్ల వాటర్ కూల్డ్ స్పిండిల్ ఉండాల్సిందే. 24,000 ఆర్‌పీఎంలో నడపాలి. చిన్నది కొంటే డబ్బు దండగ." స్పిండిల్ అంటే కోసే టూల్‌ను తిప్పే మోటారు. చదువుకునే పిల్లలు ఆ మాట నమ్మి అప్పు చేయడానికి కూడా సిద్ధపడుతున్నారు. అందుకే రాస్తున్నా.

ముందు పవర్ సంగతి. 6 ఎంఎం సింగిల్ ఫ్లూట్ కార్బైడ్ ఎండ్‌మిల్‌ను, అంటే ఒకే పన్నున్న కోత టూల్‌ను, 18,000 ఆర్‌పీఎంలో తిప్పుతూ, చుట్టుకు 0.04 ఎంఎం మందాన చిప్ (లోహపు తురుము) తీస్తున్నాం అనుకోండి. ఫీడ్, అంటే టూల్ ముందుకు జరిగే వేగం, నిమిషానికి 720 ఎంఎం. అర మిల్లీమీటరు లోతున గాడి తీస్తే సెకనుకు 36 ఘన మిల్లీమీటర్ల లోహం వస్తుంది. అల్యూమినియంలో ఒక్కో ఘన మిల్లీమీటరుకు సుమారు ఒక జౌల్ చాలు. అంటే దాదాపు 40 వాట్లు! లోతు రెట్టింపు చేసినా వంద దాటదు. ఇంట్లో కట్టిన మెషిన్‌లో ముందు చేతులెత్తేసేది ఫ్రేమే, స్పిండిల్ కాదు. పైగా 2.2 కిలోవాట్లది ఐదు కిలోల పైమాటే. స్పిండిల్‌ను మోసే సన్నటి గ్యాంట్రీకి (అడ్డ దూలానికి) అదొక భారం.

24,000 మాట మరీ ప్రమాదం. స్పీడు పెంచి ఫీడ్ పెంచకపోతే టూల్ పన్ను కోయడం మానేసి రుద్దుతుంది. వేడెక్కిన లోహం టూల్ గాడిలో అతుక్కుని టూల్ విరుగుతుంది.

వాటర్ కూలింగ్‌తో చప్పుడు తగ్గే మాట నిజమే. అద్దె ఇంట్లో ఉండేవాళ్లకు అది పెద్ద విషయమే. కానీ కోతకు దానితో సంబంధం లేదు. మే నెల ఎండకు రేకుల షెడ్డులో, స్పిండిల్‌ను చల్లబరిచే చిన్న బకెట్ నీళ్లు ఎంతసేపు చల్లగా ఉంటాయి?

చిన్నది దండగ అన్నదీ తప్పే. మకిటా ఆర్‌టీ0700సీ లాంటి 710 వాట్ల ట్రిమ్ రౌటర్ (చెక్క అంచులు కోసే చేతి మెషిన్) 10,000 నుంచి 30,000 ఆర్‌పీఎం దాకా తిరుగుతుంది. మొదలుపెట్టడానికి ఇది చాలు. చెవులు మూసుకోవాలి, మోటారు బ్రష్‌లు మార్చాలి, అల్యూమినియం పొడి మోటారులోకి పోకుండా చూడాలి. ఇంకాస్త డబ్బుంటే ఈఆర్11 సైజు కొల్లెట్ (టూల్‌ను బిగించి పట్టుకునే భాగం) ఉన్న 800 వాట్ల స్పిండిల్ తీసుకోండి.

మిగిలిన డబ్బు మంచి కొల్లెట్ మీద పెట్టండి. రెండు పళ్ల టూల్‌కు 0.04 ఎంఎం రనౌట్ (తిరిగేటప్పుడు పక్కకు ఊగడం) ఉంటే, పంటికి అంతే చిప్ పెట్టినప్పుడు పనంతా ఒక్క పన్నే చేస్తుంది.

స్పిండిల్‌కు కరెంటు ఇచ్చి వేగం మార్చే పెట్టె, వీఎఫ్‌డీతో జాగ్రత్త. ఈ స్పిండిళ్లు 400 హెర్ట్జ్‌వి. వీఎఫ్‌డీలో బేస్ ఫ్రీక్వెన్సీ సెట్టింగ్ 50లోనే ఉండిపోతే వైండింగ్ కాలిపోతుంది. స్పిండిల్ వైర్లు కలపకముందే ఆ సెట్టింగ్ మార్చేయండి.