ఆ 'ఏడు నిజాల' మెసేజ్‌లో ఐదోది ఎవరికీ పంపకండి

ఒడిశాలో మన తెలుగువాళ్ళున్న పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం. ఎక్కడి పాటల గ్రూపు తెరిచినా ఇప్పుడు ఒకే మెసేజ్. 'మ్యూజిక్ డైరెక్టర్ అవ్వాలంటే తెలియాల్సిన ఏడు నిజాలు' అని పేరు, కింద ఏడు పాయింట్లు, చివర 'కనీసం పదిమందికి పంపండి' అని ఆజ్ఞ. భజన బృందం అన్నయ్య పంపాడు, పెళ్ళిళ్ళకి కీబోర్డు వాయించే తమ్ముడు పంపాడు, రికార్డింగ్ అంటే ఏమిటో తెలియని చుట్టాలూ పంపారు. పంపొద్దని నేను చెప్పినవాళ్ళే మళ్ళీ పంపుతున్నారు. అందుకే ఒక్కో పాయింటూ తీసుకుని జవాబు రాస్తున్నాను.

ఒకటోది: 'ప్రొఫెషనల్స్ వాడేది లాజిక్, ప్రో టూల్స్ మాత్రమే. రెహమాన్ లాజిక్ వాడతారు.' ఇవి పాటని రికార్డు చేసి, దిద్ది, కలిపే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌లు. రెహమాన్ లాజిక్ వాడతారన్నది నిజమే. హాలీవుడ్ సినిమాలకి సంగీతం చేసే హాన్స్ జిమ్మర్ క్యూబేస్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ వాడతారు, అదీ నిజమే. మరి ఇద్దరిలో ఎవరు ప్రొఫెషనల్ కాదు? లాజిక్‌ని 2002లో యాపిల్ కొనేసింది, ఆ తర్వాత విండోస్ వెర్షన్ ఆగిపోయింది. అంటే మన దగ్గర నూటికి తొంభైమంది చేతుల్లో ఉన్న ల్యాప్‌టాప్‌లో అది అసలు ఎక్కదు. ఎక్కని సాఫ్ట్‌వేర్ పేరు చెప్పి ఇంటర్ చదివే పిల్లాడిని బెదిరించడం దేనికి? ప్రో టూల్స్ పెద్ద స్టూడియోల్లో, డబ్బింగ్‌లో, సినిమా మిక్సింగ్‌లో పాతుకుపోయింది, కాదనను. కానీ విశాఖ స్టూడియోకో భువనేశ్వర్ స్టూడియోకో పాట పంపాలంటే మీ దగ్గరా అదే ఉండక్కర్లేదు. ఒక్కో ట్రాక్‌ని (ఒక్కో గొంతు, ఒక్కో వాయిద్యం విడిగా) 24 బిట్ వేవ్ ఫైలుగా, అన్నీ పాట మొదటి క్షణం నుంచే మొదలయ్యేలా ఎక్స్‌పోర్ట్ చేసి, టెంపో (పాట వేగం) ఎంతో రాసి పంపితే చాలు. అవతలివాళ్ళు ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా వరసగా పేర్చుకుంటారు.

రెండోది: 'ఎఫ్ఎల్ స్టూడియో పిల్లల బొమ్మ.' ఇదీ అలాంటి సాఫ్ట్‌వేరే. అవిచీ, మార్టిన్ గ్యారిక్స్ లాంటి పేరున్న విదేశీ డీజేలు తమ పాటలు దాంట్లోనే చేశారు. ముందుకు పోదాం.

మూడోది: 'ఒక్కో సాఫ్ట్‌వేర్‌కి ఒక్కో సౌండ్ ఉంటుంది. ఖరీదైన దాంట్లో క్వాలిటీ ఎక్కువ.' ఇది ఎవరికి వారు ఇంట్లో కూర్చుని తేల్చుకోవచ్చు. రెండు సాఫ్ట్‌వేర్‌లలో అవే వేవ్ ఫైళ్ళు పెట్టండి. వాల్యూమ్‌లు ఒకేలా ఉంచండి, ఏ ప్లగిన్ (సౌండు మార్చే, సౌండు ఇచ్చే చిన్న అదనపు ప్రోగ్రామ్) వేయకండి, ఎక్స్‌పోర్ట్ చేయండి. వచ్చిన రెండు ఫైళ్ళనీ ఒకే ప్రాజెక్టులోకి తెచ్చి, ఒకదాని ఫేజ్ తిరగేసి (అంటే దాని శబ్ద తరంగాన్ని తలకిందులు చేసి), కలిపి ప్లే చేయండి. నిశ్శబ్దం వస్తే రెండూ ఒకటే. తేడా వినపడిందా? ముందు ప్యాన్ లా సెట్టింగ్ చూడండి. శబ్దాన్ని ఎడమకో కుడికో జరిపినప్పటితో పోలిస్తే, మధ్యలో ఉన్నప్పుడు ఎన్ని డెసిబెల్స్ తగ్గించాలన్నది ఒక్కో కంపెనీ ఒక్కోలా పెట్టుకుంది. అది ఒకేలా సరిచేస్తే ఆ 'క్వాలిటీ' మాయమైపోతుంది. మీ పాట బాగా వినిపించకపోవడానికి కారణం మైకు పెట్టిన చోటు, గది గోడలు, పక్కన తిరిగే ఫ్యాను. వాటి గురించి ఆ మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు.

నాలుగోది: 'ఫ్రీ సాఫ్ట్‌వేర్ టైమ్ వేస్ట్.' ప్రో టూల్స్ గొప్పదని ఒకటో పాయింటులో చెప్పినవాళ్ళకి, 2022 నుంచి ప్రో టూల్స్ ఇంట్రో అని ఉచిత వెర్షన్ ఉందని తెలియదు. అందులో 8 ఆడియో ట్రాకులు, 8 ఇన్‌స్ట్రుమెంట్ ట్రాకులు. ఒక గొంతు, హార్మోనియం, డోలక్, తాళాలు, ఇద్దరు కోరస్. భజనకి ఇంకా రెండు ట్రాకులు మిగులుతాయి.

ఆరోదీ ఇక్కడే ముగిస్తాను: 'ఫోన్‌లో మ్యూజిక్ అవ్వదు.' అవుతుంది. ఐఫోన్ ఉంటే గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం, ఆండ్రాయిడ్‌లో బ్యాండ్‌ల్యాబ్ ఉంది. ట్యూన్ తట్టినప్పుడు పట్టుకోవడానికి అవి చాలు.

ఇక ఐదోది. అది ఉన్నదున్నట్టు ఇది: 'డబ్బులు లేకపోతే క్రాక్ వెర్షన్ వాడండి. తప్పేం లేదు, పెద్దవాళ్ళందరూ అలాగే మొదలుపెట్టారు. ఇన్‌స్టాల్ చేసేముందు యాంటీవైరస్ ఆపేయండి, లేకపోతే వైరస్ అని తప్పుగా చూపిస్తుంది.' కింద ఒక లింకు కూడా. క్రాక్ అంటే డబ్బు కట్టకుండా వాడుకునేలా తాళం విరగ్గొట్టిన దొంగ కాపీ.

ఇది రాసినవాళ్ళకి ఆ లింకు వెనక ఏముందో తెలుసా? తెలిసి పెట్టారా, తెలియక పెట్టారా? తెలియకపోతే వేలమందికి ఎందుకు పంపినట్టు?

2019లో ఈసెట్ అనే భద్రతా సంస్థ లౌడ్‌మైనర్ అనే ఒక దొంగ ప్రోగ్రామ్‌ని బయటపెట్టింది. అది దాక్కున్న చోటు క్రాక్ చేసిన మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లు. మన కుర్రాళ్ళు వాయిద్యాల సౌండ్ల కోసం రోజూ వెతికే కాంటాక్ట్, నెక్సస్, మాసివ్, సైలెంత్ లాంటి ప్లగిన్లు. ఇన్‌స్టాల్ చేశాక మ్యూజిక్ ప్లగిన్ నిజంగానే పనిచేస్తుంది. దాని వెనకాల మీ కంప్యూటర్ లోపల ఇంకో చిన్న లినక్స్ కంప్యూటర్ నడుస్తూ, మీ కరెంటుతో, మీ ప్రాసెసర్‌తో ఎవరికో మొనేరో అనే క్రిప్టో డబ్బు తవ్విపెడుతుంది. మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌నే ఎందుకు ఎంచుకున్నారంటే, మ్యూజిక్ చేసేవాడి కంప్యూటర్ బలంగా ఉంటుంది, వేడెక్కి ఫ్యాను గట్టిగా తిరిగినా ప్లగిన్లు బరువయ్యాయనుకుంటాడు తప్ప అనుమానించడు. విండోస్‌కే ఈ బాధ అనుకోకండి, మ్యాక్‌కీ వచ్చింది. 2020లో క్రాక్ చేసిన ఏబుల్‌టన్ లైవ్ అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ కాపీలతో థీఫ్‌క్వెస్ట్ అని ఇంకొకటి మ్యాక్‌లలోకి దిగింది. ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడుగుతుంది, కీబోర్డు మీద కొట్టే ప్రతి అక్షరాన్నీ చూస్తుంది.

ఇప్పుడు మన ఊళ్ళ సంగతి ఆలోచించండి. పాటల కోసమే విడిగా కంప్యూటర్ ఉన్న ఇల్లు ఎన్ని? ఆ ల్యాప్‌టాప్‌లోనే నాన్న బ్యాంకు లాగిన్ ఉంటుంది. అందులోనే చెల్లెలి స్కాలర్‌షిప్ ఫారం, దుకాణం లెక్కలు, ఆధార్ కాపీలు. ఆ మెషీన్‌కి యాంటీవైరస్ ఆపేయమని చెబుతున్నారు! దొంగని ఇంట్లోకి పిలవడానికి కుక్కని కట్టేయమన్నట్టుంది ఇది.

చట్టం సంగతి కూడా చెప్పాలి, 'తప్పేం లేదు' అన్నారు కాబట్టి. 1957 కాపీరైట్ చట్టంలో 63బి సెక్షన్ ఉంది. దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్‌లో వాడితే 7 రోజులకి తగ్గకుండా 3 ఏళ్ళ వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకు జరిమానా. సంపాదన కోసం కాని వాడకమైతే జైలు లేకుండా 50 వేల వరకు జరిమానాతో వదిలే వీలు కోర్టుకి ఉంది. పెళ్ళి పాటకి డబ్బు తీసుకున్నవాడికి ఆ వెసులుబాటు కూడా దొరకదు. పోలీసులు రేపే వస్తారని నేననడం లేదు. తప్పేం లేదని చదువుకునే పిల్లలకి చెప్పకండి అంటున్నాను.

డబ్బులు లేవన్న మాట మాత్రం అబద్ధం కాదు. లాజిక్ 200 డాలర్లు. మన దగ్గర ఒక ఇంటి నెల ఖర్చు. కానీ దానికి జవాబు దొంగతనం ఒక్కటే అన్నట్టు రాయడమే నాకు కోపం. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉంది. 60 రోజులు ఏ కోతా లేకుండా పూర్తిగా వాడుకోవచ్చు. మామూలు వ్యక్తికి లైసెన్సు 60 డాలర్లు, మన డబ్బుల్లో సుమారు 5 వేలు. ఇన్‌స్టాలర్ చాలా చిన్నది, సిగ్నల్ సరిగ్గా లేని చోట కూడా మొబైల్ డేటాతో దిగుతుంది, పాత ల్యాప్‌టాప్ మీద నడుస్తుంది. ఎఫ్ఎల్ స్టూడియో ట్రయల్‌లో పాట చేసి ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. సేవ్ చేసిన ప్రాజెక్టు మళ్ళీ తెరవాలంటే కొనాలి. ఒకసారి కొంటే తర్వాత వచ్చే వెర్షన్లన్నీ ఉచితం. ఇన్ని దారులుండగా ఆ లింకు ఎందుకు?

అసలు ఆ ఏడు పాయింట్లలో ఎక్కడా లేని ప్రశ్న ఒకటుంది: మీ పాట దేనితో మొదలవుతుంది?

మన జానపదాల్లో జముకుల కథో తప్పెటగుళ్ళో రికార్డు చేసేవాళ్ళు ఉన్నారు. ఆ బృందం మెట్రోనోమ్ (వేగం తప్పకుండా కొట్టే టిక్‌టిక్) చెవిలో పెట్టుకుని పాడదు. పాట మొదట్లో ఒక నడక, ఊపు వచ్చాక ఇంకో నడక. అక్కడ మనుషుల్ని గ్రిడ్‌కి, అంటే సాఫ్ట్‌వేర్ సమానంగా గీసిన తాళం గీతలకి, కట్టేస్తే పాట చచ్చిపోతుంది. గ్రిడ్‌నే పాట వెంట నడిపించాలి. రీపర్‌లో టెంపో మార్కర్లు పెట్టుకుంటూ పోవచ్చు, క్యూబేస్‌లో టెంపో డిటెక్షన్, లాజిక్‌లో స్మార్ట్ టెంపో ఆ పని చేస్తాయి. ఇలాంటివాళ్ళకి ఎడిటింగ్ బలంగా ఉన్నది కావాలి.

బీటుతో మొదలుపెట్టేవాళ్ళు వేరు. ఊరేగింపుకి డీజే పాట చేసే కుర్రాడికి ముందు కిక్కు (బరువైన డ్రమ్ము దెబ్బ), దాని మీద డప్పు శాంపిల్ (ముందే రికార్డు చేసిన ముక్క), ఆ తర్వాతే గొంతు. అతనికి ఎఫ్ఎల్‌లో గడులు నొక్కి బీటు పేర్చే స్టెప్ సీక్వెన్సర్, స్వరాలు గీసుకునే పియానో రోల్ కన్నా వేగమైనవి నాకు కనపడలేదు. పాట వరస ఇంకా తేలకుండానే ముక్కలు కలిపి కలిపి చూసేవాళ్ళకి, స్టేజీ మీద ల్యాప్‌టాప్‌తో వాయించేవాళ్ళకి ఏబుల్‌టన్ లైవ్‌లో ముక్కల్ని ఏ వరసలోనైనా మోగించే సెషన్ వ్యూ సరిపోతుంది.

గమకాలు కీబోర్డు మీద పలికించేవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. చాలా ఇన్‌స్ట్రుమెంట్లలో పిచ్ బెండ్ (స్వరాన్ని పైకీ కిందికీ జార్చే ఏర్పాటు) రెండు సెమిటోన్లకే, అంటే కీబోర్డు మీద రెండు మెట్లకే సెట్ చేసి ఉంటుంది, దాన్ని పెంచుకోవాలి. ఆ బెండ్ గీతని చేత్తో దిద్దడం ఎందులో సులువుగా ఉందో ట్రయల్‌లోనే తెలిసిపోతుంది. ఎఫ్ఎల్‌లో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే స్లైడ్ నోట్లు చూసి మురిసిపోకండి, అవి దాని సొంత ఇన్‌స్ట్రుమెంట్లతోనే పనిచేస్తాయి.

పాడుతూ హెడ్‌ఫోన్‌లో గొంతు ఆలస్యంగా వినిపిస్తోందని సాఫ్ట్‌వేర్ మార్చేవాళ్ళనీ చూశాను. అది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. బఫర్, అంటే కంప్యూటర్ ఒకేసారి పోగుచేసి పంపే శబ్దం ముక్క, 512 శాంపిల్స్ (శబ్దపు అతి చిన్న కొలతలు) ఉంటే 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక వైపుకే సుమారు 11.6 మిల్లీసెకన్లు, 128కి దించితే 2.9. విండోస్‌లో ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) కంపెనీ ఇచ్చిన ఆసియో డ్రైవర్ వేసుకుని, రికార్డింగ్ అప్పుడు బఫర్ తగ్గించి, మిక్సింగ్ అప్పుడు పెంచుకుంటే సరిపోతుంది.

ఏడోది మిగిలింది: 'మీ ఊళ్ళో తెలిసినవాళ్ళు ఏది వాడుతున్నారో అదే నేర్చుకోండి.' దీన్నీ కొట్టిపారేద్దామనే కూర్చున్నాను, కుదరలేదు. ఇది నిజం. పైన నేను చెప్పిన లెక్కల ప్రకారం మీకు రీపరే సరైనది కావచ్చు. కానీ గుణుపురంలో రాత్రి పదింటికి ట్రాక్ మ్యూట్ అయిపోయి, సౌండ్ ఎందుకు రావట్లేదో తెలియక టెన్షన్ పడుతుంటే పక్కవీధిలో క్యూబేస్ తెలిసిన అన్న ఉన్నాడనుకోండి, క్యూబేసే నేర్చుకోండి. మన దగ్గర క్లాసులు లేవు. యూట్యూబ్ పాఠం మీ స్క్రీన్ చూడలేదు, అన్న చూడగలడు. కాకపోతే క్రాక్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఇస్తానంటే వద్దనండి. సాఫ్ట్‌వేర్ కంపెనీ సైటు నుంచే ట్రయల్ దింపుకుని ఆయన దగ్గరికి వెళ్ళండి. గొంతు రికార్డు చేసి తప్పుపోయిన లైను మాత్రం మళ్ళీ పాడి అతికించడం, టెంపోని పాట వెంట నడిపించడం, ట్రాకులన్నీ విడివిడిగా ఎక్స్‌పోర్ట్ చేయడం, ముందు ఈ మూడు చూపించమని అడగండి.