సవరణ: తొండకు కిటికీ ఎండ సరిపోదు

పట్టి తెచ్చిన తొండ తొట్టిని కిటికీ అద్దం పక్కన పెడితే ఎండ చాలుతుందని ముందు రాశాం. అది తప్పు. అద్దం వెలుగును, వేడిని పంపినా యూవీబీ కిరణాలను (ఎండలోని ఒక రకం అతినీలలోహిత కిరణాలు) దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. అవి లేక తొండ ఒంట్లో డీ3 విటమిన్ తయారవదు. ఆ విటమిన్ లేకపోతే మేతపై క్యాల్షియం పొడి చల్లినా ఒంటికి పట్టదు. కొన్ని వారాలు, నెలల్లో దవడ మెత్తబడి, కాళ్లు వంకర పోతాయి. యూవీబీ ట్యూబ్ లైటును తొండ కూర్చునే కొమ్మకు సుమారు 30 సెం.మీ. ఎత్తున, మధ్యలో అద్దం లేకుండా బిగించండి. ట్యూబ్ వెలుగుతున్నా దాని యూవీబీ శక్తి తగ్గిపోతుంది, ఏడాదికోసారి మార్చాలి. హైదరాబాద్ మే ఎండలో గాజు తొట్టిని బాల్కనీలో పెడితే నిమిషాల్లోనే ప్రాణం పోతుంది. దయచేసి ఆ పని చేయకండి.

గిన్నెలో నీళ్లు పెడితే చాలని ముందు రాసిందీ సరికాదు. చాలా తొండలు నిలవ నీటిని గుర్తించవు; ఉదయం ఆకుల మీద చిలకరిస్తే చుక్కలు నాకుతాయి.

ఇంకొకటి, ఇదే ముఖ్యం. మన దగ్గర తొండనూ ఊసరవెల్లి అనేస్తారు. కళ్లు రెండూ వేర్వేరుగా తిరుగుతూ, వేళ్లు పటకారులా ఉంటే అది అసలు ఊసరవెల్లి. దాన్ని, ఉడుమును ఇంట్లో ఉంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. వెంటనే అటవీ శాఖకు చెప్పండి.