లెక్కకు అందని రాజధానులు

ప్రపంచ సాంస్కృతిక రాజధానుల జాబితా ఏ సంస్థ తయారుచేసినా పైన కనిపించే పేర్లు దాదాపు అవే: లండన్, న్యూయార్క్, పారిస్, టోక్యో. ఒక్కో ఏడాది ఒకటి రెండు స్థానాలు అటూ ఇటూ అవుతాయి, అంతే. ఈ నగరాలకు ఆ గౌరవం తగదని మేం అనడం లేదు. ఏ లెక్క చూపి ఇస్తున్నారన్న దగ్గరే మా అభ్యంతరం. కియర్నీ సంస్థ 2008 నుంచి వెలువరిస్తున్న ప్రపంచ నగరాల సూచీలో సాంస్కృతిక అనుభవానికి దక్కే వాటా 15 శాతం. మ్యూజియాలు, ప్రదర్శనశాలలతో పాటు పెద్ద క్రీడాపోటీలు, భోజనశాలలు, విదేశీ ప్రయాణికుల సంఖ్య, సోదర నగరాల ఒప్పందాలు కూడా ఆ పదిహేనులోనే సర్దుకోవాలి. టోక్యోలోని మోరీ మెమోరియల్ ఫౌండేషన్ సూచీలో ‘సాంస్కృతిక సంపర్కం’ అనే విభాగం కింద హోటల్ గదులనూ లెక్కపెడతారు. లఫ్‌బరో విశ్వవిద్యాలయంలో పుట్టిన మరో ప్రసిద్ధ వర్గీకరణ నగరాలను ఆల్ఫా, బీటా అంటూ విడగొడుతుంది. అది సంస్కృతి జోలికే పోదు. అకౌంటెన్సీ, ప్రకటనలు, బ్యాంకింగ్, న్యాయ సేవల సంస్థలు ఏ ఊళ్లో ఏపాటి కార్యాలయాలు తెరిచాయన్నదే దాని లెక్క. అయినా ‘ఆల్ఫా’ ముద్రను కళాపోషణకు రుజువుగా చూపించేవారికి కొదవలేదు.

లెక్కపెట్టే తీరు మారితే రాజధానులే మారిపోతాయి. 2006లో ఏ దేశం ఎన్ని సినిమాలు తీసిందో యునెస్కో గణాంక సంస్థ 2009లో ప్రకటించింది. భారత్ 1,091 చిత్రాలతో మొదట నిలిచింది. 485 చిత్రాల అమెరికా మూడో స్థానంలో ఉంది. రెండిటి మధ్య 872 చిత్రాలతో నైజీరియా! థియేటర్లలో విడుదలైన ఫిల్ము చిత్రాలనే గుర్తించే పాత పద్ధతిలో ఆ దేశం పేరు ఎక్కడో అడుగున ఉండేది. అక్కడి సినిమాలు వీడియో కెమెరాతో తీసి, క్యాసెట్లుగా, సీడీలుగా నేరుగా ఇళ్లకు అమ్మినవి. 1980లలో నైజీరియా కరెన్సీ నైరా విలువ పడిపోయి ఫిల్ము కొనే స్తోమత పోయింది, సినిమాహాళ్లు మూతపడ్డాయి. 1992లో కెనెత్ న్నెబ్యూ అనే వీడియో క్యాసెట్ల వ్యాపారి ఇగ్బో భాషలో ఒక చిత్రం తీయించి క్యాసెట్ల మీద అమ్మాడు. లాగోస్‌లోని ఇడుమోటా, అలాబా బజార్ల వ్యాపారులు అదే బాట పట్టారు. నిర్మాత, పంపిణీదారు, చిల్లర దుకాణం అన్నీ ఒకే వీధిలో! ఈ పద్ధతికి చీడ కూడా అదే వీధిలో పుట్టింది. అసలు క్యాసెట్టు పక్క కొట్లోనే దొంగ కాపీ దొరికేది. అందువల్ల ఒక సినిమాపై ఎక్కువ ఖర్చు పెట్టడానికి ఎవరికీ ధైర్యం చాలక, తక్కువ ఖర్చుతో ఎక్కువ సినిమాలు తీయడం అలవాటైంది. ఇంతటి ఊరు మ్యూజియాల సంఖ్య చూసే జాబితాకు ఎలా అందుతుంది?

సాంస్కృతిక రాజధానిని గుర్తుపట్టడానికి మేం అడిగేవి మూడు ప్రశ్నలు. అక్కడ తయారైనది ఇతర ఊళ్ల అభిరుచిని మారుస్తోందా? పేరూ డబ్బూ లేని కొత్తవారు అక్కడికి వచ్చి కొన్నేళ్లు నిలదొక్కుకోగలరా? రాసే గది నుంచి రిహార్సల్ గదికి, చిన్న వేదికకు, విమర్శకుడికి, ప్రచురణకర్తకో పంపిణీదారుకో చేరే దారి మధ్యలో ఎక్కడా తెగకుండా ఉందా? మొదటి ప్రశ్నకు జవాబు గతం గురించి చెబుతుంది. రాబోయే ఇరవై ఏళ్లను చెప్పేవి మిగతా రెండే.

పారిస్‌నే తీసుకుందాం. లూవ్ర్ మ్యూజియానికి ఏటా 80 లక్షలకు పైగా జనం వస్తారన్నది అందరూ చెప్పేదే. ఆ నగరంలో కళను బతికిస్తున్నవి మాత్రం ఆ జనానికి కనిపించని మూడు ఏర్పాట్లు. మొదటిది, నటులు, సంగీతకారులు, వేదిక సాంకేతిక సిబ్బందికి ఉన్న ప్రత్యేక నిరుద్యోగ బీమా. పన్నెండు నెలల్లో 507 గంటల పని చూపించగలిగితే, ఒక ఒప్పందం ముగిసి మరొకటి దొరికేదాకా ఖాళీ రోజులకు భృతి వస్తుంది. నాటకం ఆడిన రాత్రులకు డబ్బు ముడుతుంది గానీ, దాన్ని ఆలోచించి, సాధన చేసి, పాడుచేసి, మళ్లీ కట్టుకునే నెలలకు తరచూ పైసా రాదు. ఈ భృతి ఆ నెలలను కాపాడుతుంది. దీని బలహీనత కూడా అంకెల్లోనే ఉంది. 2003లో పన్నెండు నెలల గడువును కళాకారులకు పదిన్నర నెలలకు, సాంకేతిక సిబ్బందికి పది నెలలకు కుదించేసరికి సమ్మె రాజుకుని, ఆ ఏటి అవిన్యాన్ నాటకోత్సవమే రద్దయింది.

రెండోది 1981 ఆగస్టు 10 నాటి పుస్తక ధరల చట్టం. ప్రచురణకర్త నిర్ణయించిన ధరపై ఎవరూ 5 శాతానికి మించి తగ్గించి అమ్మకూడదు. పెద్ద దుకాణం ధర తగ్గించి చిన్న దుకాణాన్ని మింగే దారి మూసుకుపోయింది. చిన్న దుకాణం ఉంటేనే నెమ్మదిగా అమ్ముడయ్యే పుస్తకానికి అలమారాలో చోటుంటుంది. చోటుందని తెలిస్తేనే ప్రచురణకర్త కొత్త రచయిత మీద డబ్బు పెడతాడు. ఆన్‌లైన్ అమ్మకందారులు పంపిణీ ఖర్చును ఒక్క సెంటుకు దించి ఈ చట్టానికి గండి కొట్టారు. దాన్ని పూడ్చడానికి 2023 అక్టోబరు నుంచి 35 యూరోల లోపు కొనుగోళ్లపై కనీసం 3 యూరోల పంపిణీ రుసుము తప్పనిసరి చేశారు. మూడోది, సినిమా టికెట్‌పై 10.72 శాతం పన్ను. హాలీవుడ్ చిత్రం చూసినవారి టికెట్ నుంచీ ఈ సొమ్ము తీసి, జాతీయ సినిమా కేంద్రం ద్వారా సినిమా రంగానికే తిప్పి ఇస్తారు. ఇవన్నీ ఫ్రాన్స్ అంతటికీ వర్తించే నియమాలే. ప్రచురణ సంస్థలు, నాటకశాలలు, స్టూడియోలు పారిస్ చుట్టూ గుమిగూడాయి కాబట్టి ఫలం ఎక్కువగా అక్కడ రాలుతోంది.

న్యూయార్క్‌ది వేరే దారి. అక్కడి నాటకరంగం సీట్ల సంఖ్యను బట్టి కట్టిన నిచ్చెన. 500 సీట్లు, ఆపైన ఉంటే బ్రాడ్‌వే. అలాంటివి 41. వంద నుంచి 499 దాకా ఆఫ్ బ్రాడ్‌వే, వంద లోపు ఆఫ్ ఆఫ్ బ్రాడ్‌వే. యూనియన్ ఒప్పందాలు, జీతాలు, టికెట్ ధరలు అన్నీ మెట్టును బట్టి మారతాయి. పర్యాటకుడు చూసేది పై మెట్టు. కొత్త నాటకం పుట్టేది కింది మెట్టు మీద, చాలావరకు మరొకరి పాత గోదాములో. ఆ గోదాము అద్దె పెరిగితే పై మెట్టుకు సరుకు అందదు, పాత హిట్ల పునఃప్రదర్శనలే మిగులుతాయి. ఈ ప్రమాదాన్ని ఆ నగరం ఒకప్పుడు గుర్తించింది. బెల్ ప్రయోగశాలల పాత భవనాలను 1970లో వెస్ట్‌బెత్ పేరిట కళాకారులు ఉండి పనిచేసుకునే 384 నివాసాలుగా మార్చారు. 1977లో మన్‌హట్టన్ ప్లాజా ఇళ్లలో 70 శాతాన్ని ప్రదర్శన కళాకారులకు కేటాయించారు. మిడ్‌టౌన్‌లో ఎవరూ అద్దెకు రాని రోజులవి. ఈ రోజు అదే స్థలంలో అదే పని చేయాలంటే ఏ మేయరుకైనా చెమటలు పడతాయి. సోహో సంగతి ఇంకా తేట. ఖాళీ ఫ్యాక్టరీ అంతస్తుల్లో దొంగతనంగా కాపురముంటున్న కళాకారులకు 1971లో చట్టబద్ధ అనుమతి దొరికింది. కళాకారులు చేరిన పేటగా పేరొచ్చాక, ఆ పేరును కొనుక్కునే స్తోమత ఉన్నవారు దిగారు.

లండన్‌లో గాయం మరోచోట ఉంది. కొత్త బృందాలు పాడుకునే చిన్న సంగీత వేదికలు 2007లో 136 ఉంటే, మేయర్ కార్యాలయం లెక్క ప్రకారం 2015 నాటికి 88 మిగిలాయి. అద్దెలు, వ్యాపార పన్నులు పెరగడం ఒక కారణం. శబ్దంపై ఫిర్యాదులు ఇంకొకటి. ముప్పై ఏళ్లుగా నడుస్తున్న వేదిక పక్కన కొత్త అపార్టుమెంటు లేస్తుంది, అందులోకి వచ్చినవారు నిద్ర పట్టడం లేదంటారు, వేదికకు నోటీసు వెళుతుంది. దీనికి విరుగుడుగా వచ్చినదే ‘మార్పు తెచ్చినవారిదే బాధ్యత’ అనే సూత్రం. ఎవరు కొత్తగా కడుతున్నారో వారే రెండు పొరల అద్దాలు, గోడలకు శబ్ద నిరోధకాలు పెట్టుకోవాలి. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2014లో దీన్ని అమలు చేసింది. ఇంగ్లండ్ 2018లో ప్రణాళికా విధానంలో చేర్చింది. విధానంలోనే గానీ చట్టంలో కాదు, లోపమంతా అక్కడుంది. భవన అనుమతి ఇచ్చే విభాగానికి ఈ సూత్రం తెలుసు. రేపు ఫిర్యాదు వెళ్లేది పర్యావరణ ఆరోగ్య విభాగానికి, లైసెన్సింగ్ సంఘానికి. వాటి చట్టాలు వేరు. స్కాట్లండ్ 2019లో ఈ సూత్రాన్ని ప్రణాళికా చట్టంలోకే ఎక్కించి కొంత నయమనిపించుకుంది.

బెర్లిన్ గత ముప్పై ఏళ్లు అనుభవించిన వైభవానికి మూలం ఖాళీ భవనాలు. 1989లో గోడ కూలాక యజమాని ఎవరో తేలని కట్టడాలు నగరం నడిమధ్యన మిగిలాయి. టెక్నో సంగీతానికి పేరుపడ్డ ట్రెజర్ క్లబ్బు 1991లో పాత డిపార్ట్‌మెంట్ స్టోరు నేలమాళిగ ఖజానాలో మొదలైంది. స్థలం అమ్ముడైపోతే 2005లో మూతపడి, 2007లో ఒక పాత విద్యుత్ కేంద్రంలో తెరుచుకుంది. వేదికల శబ్ద నిరోధానికి నగరం 10 లక్షల యూరోల నిధి పెట్టింది. వేరే నగరాలు అనుకరించదగ్గ పని ఇది. అదే నగరం 2025 సాంస్కృతిక బడ్జెట్‌లో సుమారు 13 కోట్ల యూరోలు, అంటే దాదాపు 12 శాతం కోసేసింది. మూడు పెద్ద ఒపేరా గృహాలు ఆ దెబ్బను ఎలాగో కాచుకుంటాయి. స్థిర సిబ్బంది లేని చిన్న బృందాల ముందున్న దారి మూసివేతే.

ఇక ప్రభుత్వాలు ఇచ్చే హోదాల సంగతి. గ్రీసు సాంస్కృతిక మంత్రి మెలీనా మెర్కూరీ చొరవతో 1985లో ఏథెన్స్‌తో మొదలైన యూరప్ సాంస్కృతిక రాజధాని పథకానికి ఇప్పుడు కట్టుదిట్టమైన పద్ధతి ఉంది. హోదా దక్కే ఏడాదికి ఆరేళ్ల ముందు పోటీ ప్రకటిస్తారు. నిపుణుల సంఘం రెండు దశల్లో వడపోస్తుంది. నాలుగేళ్ల ముందు ఎంపిక ఖరారవుతుంది. ఇచ్చిన మాట నిలబెట్టుకుంటేనే 15 లక్షల యూరోల బహుమతి చేతికొస్తుంది. ఆ సొమ్ము మొత్తం ఖర్చులో చిన్న ముక్క, మిగతాది నగరమే తెచ్చుకోవాలి. తప్పు జరిగేది తరవాతి జనవరిలో. కట్టడానికి డబ్బు ఒక్కసారి వస్తుంది, నడపడానికి ఏటా కావాలి. ఆ ఏటా ఖర్చును పద్దులో రాయని నగరాలకు తాళం వేసిన భవనాలు, చెదిరిపోయిన సిబ్బంది మిగులుతారు.

దీన్ని సవ్యంగా వాడుకున్న నగరం గ్లాస్గో. 1990 హోదాకు రెండేళ్ల ముందే నాటక దర్శకుడు పీటర్ బ్రూక్ ‘మహాభారతం’ ఆడటానికి చోటు కావాలంటే, మూలనపడ్డ ట్రాముల షెడ్డును సిద్ధం చేసింది. ఆట ముగిశాక దాన్ని కూల్చలేదు. ట్రామ్‌వే పేరుతో అది ఈనాటికీ కొత్త ప్రయోగాలకు వేదిక. షెడ్డుకు పాలరాయి తొడగాలన్న ఆలోచన ఎవరికీ రాకపోవడం ఆ నగరం అదృష్టం. స్పెయిన్‌లోని శాంటియాగో దె కొంపొస్తెలా కొండ మీద ‘సంస్కృతి నగరం’ పేరిట ఆరు మహా భవనాలు తలపెట్టారు. ఖర్చు అంచనాలు దాటిపోయి 2013లో పని ఆగిపోయింది, రెండు భవనాలు లేవనే లేదు. దానికి ఆదర్శం బిల్బావోలో 1997లో తెరిచిన గుగెన్‌హైమ్ మ్యూజియం. బిల్బావో అంతకుముందే నది కాలుష్యాన్ని కడిగించే పని పెట్టుకుంది, రేవును సముద్రం వైపు జరపసాగింది, 1995లో మెట్రో తెరిచింది. అనుకరించినవారు చివరి అధ్యాయం ఒక్కటే చదివారు.

వెనిస్‌ను మా జాబితా నుంచి తొలగిస్తున్నాం. 1951లో సుమారు 1,75,000 మంది ఉన్న పాత నగరంలో 2022 నాటికి 50,000 మంది కూడా లేరు. 2024లో పగటి సందర్శకుల నుంచి కొన్ని రోజుల్లో 5 యూరోల ప్రవేశ రుసుము వసూలు మొదలుపెట్టింది. 1895లో పుట్టిన బియెన్నాలె ఉత్సవానికి ప్రపంచ కళంతా వస్తుంది, నెలలు గడిచాక సర్దుకుని వెళ్లిపోతుంది. అద్దెకు ఇల్లే దొరకని ఊళ్లో కొత్త చిత్రకారులు ఎక్కడుంటారు?

మెక్సికో నగరం, బ్యూనస్ ఐరిస్ ఏ జాబితాలోనూ మొదటి అయిదులో కనబడవు. ఫ్రాంకో నియంతృత్వం స్పెయిన్ ప్రచురణరంగం నోరు నొక్కేసినప్పుడు స్పానిష్ పుస్తకానికి ప్రాణం పోసినవి అవే. లొసాడా, సుదమెరికానా, ఎమెసే సంస్థలు 1938, 1939లలో బ్యూనస్ ఐరిస్‌లో వెలిశాయి. 1934లో మెక్సికోలో మొదలైన ఫొందొ దె కుల్తురా ఎకొనొమికా అనే ప్రచురణ సంస్థ ప్రవాసం వచ్చిన స్పెయిన్ మేధావులకు పని ఇచ్చింది. ఒక భాష సాహిత్య రాజధాని సెన్సారు కారణంగా రెండు మూడేళ్లలో సముద్రం దాటింది. దక్షిణ కొరియా రాజధాని సోల్ కథ దీనికి తిరగేసినది. 1996లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం సినిమాలపై ముందస్తు సెన్సారు చెల్లదని తీర్పిచ్చింది. థియేటర్లు దేశీయ చిత్రాలను ఏటా 146 రోజులు వేయాలన్న నియమం అప్పటికే ఉంది. 2006లో దాన్ని 73 రోజులకు తగ్గించేనాటికి సొంత కాళ్లపై నిలబడే సత్తా ఆ సినిమాకు వచ్చింది. ఆ నగరంలోని హోంగ్‌దే పేటలో పుట్టిన సంగీత బృందాలు మాత్రం అద్దెలకు తాళలేక పక్క పేటలకు, ముల్లే పేటలోని ఇనుప కార్ఖానాల సందులకు తరలాయి.

జమైకాలోని కింగ్‌స్టన్, బుర్కినా ఫాసోలోని వాగడూగు వంటివి ఒక్క కళకే రాజధానులు. వీధిలో పేర్చిన స్పీకర్ల నుంచి ప్రపంచ సంగీతాన్ని మార్చిన ఊరు ఒకటి. 1969 నుంచి ఆఫ్రికా సినిమాకు పండుగ చేస్తున్న పేద దేశపు ముఖ్య పట్టణం ఇంకొకటి. మా వరసలో ఇవి వెనిస్‌కు చాలా ముందుంటాయి. పారిస్, లండన్, న్యూయార్క్ పైనే ఉంటాయి, సోల్, లాగోస్, మెక్సికో నగరం వాటి సరసన.

సూచీలు రాసేవారికి మా సూచన: హోటల్ గదుల గడి తీసేసి నాలుగు కొత్త గడులు గీయండి. మూడు వందల సీట్ల లోపు వేదికలు ఎన్ని, గత అయిదేళ్లలో ఎన్ని మూతపడ్డాయి? రిహార్సల్ గది గంట అద్దె, ఆ ఊరి గంట కనీస వేతనానికి ఎన్ని రెట్లు? శబ్దం ఫిర్యాదుతో లైసెన్సు పోగొట్టుకున్నవి ఎన్ని? అక్కడ ప్రచురితమైన పుస్తకాల్లో ఏటా ఎన్ని ఇతర భాషల్లోకి వెళ్లాయి? మొదటి గడి నింపడమే అన్నిటికన్నా కష్టం. చిన్న వేదికల్లో చాలావాటిని నగరపాలక రికార్డులు బార్లు, రెస్టారెంట్లు, గోదాములుగానే చూపిస్తాయి. కార్యాలయంలో కూర్చుని ఆ జాబితా తీయలేరు. రాత్రిపూట వెళ్లి పేరుపేరునా రాసుకోవాలి, ఏటా మళ్లీ వెళ్లి సరిచూసుకోవాలి.